రెండు కళ్ళ పెట్టె, ఒక మిక్సీ

మా కోడలు శ్రావణి పొద్దున లేవగానే దేవుడి పటం కంటే ముందు ఫోన్‌లో పాత కెమెరాల ధరలు చూసుకుంటుంది. పాతవంటే రీలు వేసి తీసేవి, ఎప్పుడో అందరూ అటకల మీదికి ఎక్కించి మరిచిపోయినవి. హైటెక్ సిటీలో ఆమె పనిచేసే ఆఫీసులో పిల్లలందరికీ ఇప్పుడు వాటి మీద మోజు పుట్టిందట. వేలు తాకిస్తే వెయ్యి ఫోటోలు తీసే ఫోన్ చేతిలో ఉండగా, పన్నెండు ఫోటోలకే అయిపోయే డబ్బా కోసం పోటీలు పడుతున్నారు. పోటీ పడే కొద్దీ ధర పెరుగుతుంది. ధర పెరిగే కొద్దీ మా శ్రావణి కాఫీ చల్లారుతుంది.

"చూశారా అత్తయ్యా! పోయిన నెల ఇరవై నాలుగు వేలండీ. ఇవాళ ముప్పై ఒకటి. అప్పుడే కొనేసుంటే ఎంత బాగుండేది!"

"అప్పుడేమంటివి బిడ్డా? వచ్చే నెల తగ్గుతదంటివి."

"తగ్గుతుందనే అనుకున్నానండీ."

"బంగారం తగ్గుతదని మా అమ్మ గూడ చూసింది. చూసుకుంటనే పోయింది."

శ్రావణిది భీమవరం వైపు. నేను హఫీజ్‌పేట కోడల్ని. ఆమె 'అండీ' లేకుండా మాట్లాడదు, నాకు 'జర' లేకుండా మాట రాదు. పెళ్ళైన కొత్తలో ఒకరికొకరం సగం అర్థం కాక నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు పూర్తిగా అర్థమవుతున్నా నవ్వడం మాత్రం మానలేదు. ఆ పొద్దున కూడా అలాగే నవ్వుతూ, ఏ డబ్బా కోసం ఇంత బాధపడుతుందో చూద్దామని ఫోన్ అందుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను. అంతే, నా నవ్వు ఆగిపోయింది. నిలువుగా నల్లటి పెట్టె. ముందు వైపు ఒకదాని కింద ఒకటి రెండు కళ్ళు. పై మూత తెరిచి, తల వంచి, బావిలోకి చూసినట్టు చూసేది.

"గిది నాకెరికే బిడ్డా. మా మేనమామ నా ఒళ్ళె పెట్టి, తీస్కపో అన్నడు. ఐదు వందలకు. నేనే వద్దన్న."

శ్రావణి కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. "వద్దన్నారా? ఎందుకండీ?"

లోపల గదిలో షర్టుకు బొత్తాలు పెట్టుకుంటున్న మా వాడు అక్కడి నుంచే కేకేశాడు. "మిక్సీ కొనుక్కున్నది!"

ఆ రోజు నుంచి మా ఇంట్లో నా బతుకు బతుకు కాదు. మిక్సీ తిరిగిన ప్రతిసారీ కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. "అత్తయ్యా, ముప్పై వేల చట్నీ అండీ, కాస్త జాగ్రత్తగా రుబ్బండి" అంటుంది శ్రావణి. నేనూ నవ్వుతాను. కానీ ఆ పెట్టె బొమ్మ చూసినప్పటి నుంచి నా ముక్కుకు మూసాపేటలో మా మేనమామ ఇంటి వాసన తగులుతూనే ఉంది. ఫోటోలు కడిగే పుల్లటి మందునీళ్ళ వాసన, దాని వెనకే మా అత్తమ్మ పెట్టే చింతపండు చారు వాసన. ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలయ్యేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.

నేను ఐదో తరగతితో బడి మానేసినప్పుడు మా అమ్మ చేతిలో చంటిపిల్ల, కొంగు పట్టుకుని ఇంకో ఇద్దరు. మా మేనమామకు పిల్లల్లేరు. "బాలమణిని నాకియ్యి అక్కా, నా పనిల చెయ్యేస్తది" అని మూసాపేటకు తీసుకుపోయాడు. ముందు గదిలో ఫోటో స్టూడియో, వెనక గదిలో కాపురం. రెంటికీ నడుమ స్నానాల గది. ఆ స్నానాల గదే మామకు చీకటి గది. నీళ్ళు కావాలి, వెలుతురు రాకూడదు, అంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది అనేవాడు. అందుకని ఆ ఇంట్లో అందరి స్నానాలూ కోడి కూయకముందే అయిపోవాలి. పొద్దెక్కి లేచినవాళ్ళు పెరట్లో చీర అడ్డం కట్టుకుని పోసుకోవాల్సిందే. లోపల రీలు కడుగుతున్నప్పుడు తలుపు మీద ఎర్ర తువ్వాల వేలాడేది. తువ్వాల ఉందంటే ఇల్లు కాలిపోతున్నా తలుపు తియ్యొద్దని అర్థం. ఒకసారి అత్తమ్మ తమ్ముడు చుట్టపు చూపుగా వచ్చాడు. తలుపు మీద తువ్వాల చూసి, తన కోసమే వేశారనుకుని మురిసిపోయి, దాన్ని భుజాన వేసుకుని తలుపు తీశాడు.

ఆ రీలులో ఉన్నవి బర్రెల ఫోటోలు. బ్యాంకు అప్పుకు బర్రె ఫోటో పెట్టాలి కదా, అందుకని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి మామ బర్రెల్ని తీసేవాడు. బర్రె అటూ ఇటూ తిరగకుండా చెవి పట్టుకుని నిలబడటం నా పని. పన్నెండు బర్రెలు ఒక్క దెబ్బకు వెలుతురులో కలిసిపోయాయి. మామ బావమరిదిని ఏమీ అనలేదు. మళ్ళీ సైకిలెక్కి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, ఊరూరా పోయి అన్నిటినీ మళ్ళీ తీశాడు. ఈలోపల ఒక బర్రె ఈనింది. దూడ కూడా వచ్చి ఫోటోలో నిలబడింది. "ఇంటాయన ఒక్కదానికే పైసలిచ్చిండు, మనం ఇద్దర్ని తీసినం" అని మామ దారంతా నవ్వుకుంటూ వచ్చాడు.

నా అసలు పని ఫోటోలు కడగడం. గంగాళంలో వేసి ఏడు నీళ్ళు మార్చాలి. తర్వాత పెద్ద అద్దం మీద బోర్లా అతికించి ఎండలో నిలబెట్టాలి. ఆరిన ఫోటో 'టప్'మని దానంతట అదే ఊడిపడేది. అటు వడియాలు, ఇటు ఫోటోలు, నడుమ కాకుల్ని తోలుతూ నేను. మూసాపేటలో సగం మందిని నేను ముందు నీళ్ళలోనే చూశాను. తర్వాత వాళ్ళు బజార్లో పొడిగా కనిపిస్తే వింతగా ఉండేది. మామ గోళ్ళు మందునీళ్ళకు గోధుమరంగు తిరిగిపోయాయి. స్టూడియోలో అందరికీ కలిపి ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా, ఒక కోటు. సన్నటి మనిషి వచ్చి ఆ కోటు వేసుకుంటే, వెనక నుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించేదాన్ని. ఫోటోలో దొరలా ఉండేవాడు, వెనక్కి తిరిగితే ఆరేసిన దుప్పటిలా ఉండేవాడు.

ఫోటో తీసేటప్పుడు మామ పెట్టె పైనుంచి చూడ్డానికి తల బాగా వంచేవాడు. కూర్చున్న వాళ్ళకు మామ మొహం కనపడదు, నున్నటి నడినెత్తి ఒక్కటే కనపడుతుంది. అచ్చం వాళ్ళకు దండం పెడుతున్నట్టుండేది. అలా వంగి, "ఊపిరి పట్టాలె... ఊపిరి పట్టాలె" అని, నొక్కేవాడు. నాకు దువ్వెన పట్టుకోవడం వచ్చు, బర్రె చెవి పట్టుకోవడం వచ్చు, రీలు ఎక్కించడం కూడా వచ్చేసింది. నొక్కడం మాత్రం రానివ్వలేదు. ఒకసారి అడిగాను.

"రీలుకు పన్నెండే బిడ్డా. నీ చెయ్యి వణికితే ఒకరి పెండ్లి వణుకుతది" అన్నాడు.

"పిల్ల అడుగుతుంటె ఒక్కటి నొక్కనియ్యరాదు? నీ సొమ్మేం పోతది?" అంది అత్తమ్మ వెనక గదిలోంచి.

"పోయేది నా సొమ్మేనే."

ఆ యేడు దసరాకు పనిముట్ల పూజ చేశాం. స్టాండు, కత్తెర, దువ్వెన, గంగాళం అన్నీ కడిగి పీట మీద పెట్టాం. నడుమ రెండు కళ్ళ పెట్టె. "అన్నిటికీ బొట్టు పెట్టు బాలమణీ, నాకు పూర్ణం మాడిపోతుంది" అని అత్తమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. నేను కత్తెరకు పెట్టాను, స్టాండు మూడు కాళ్ళకూ పెట్టాను. పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఆలోచన పడింది. దీనికి నుదురు ఎక్కడుంటుంది? పై కన్ను మామ చూసుకునేది, దాన్ని ముట్టుకుంటే తిడతాడు. కింది కన్నుకు మూత ఉంది. మూత తీసి, దాని చుట్టూ పసుపు రాసి, నూనెలో కలిపిన కుంకుమ వేలికి అద్దుకుని, సరిగ్గా అద్దం నడిమిట్ల గుండ్రంగా పెట్టాను. ఎంతో ముచ్చటేసింది. ఆ ముచ్చట చెరిగిపోకుండా మళ్ళీ మూత పెట్టేశాను.

ఆ పెట్టె సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. పై కన్నుతో మనిషి చూస్తాడు, కింది కన్నుతో పెట్టె చూస్తుంది. ఫోటో పడేది కింది కన్నులోంచే. దసరా వెళ్ళిన మూడో రోజు ఒక పెళ్ళి. పందిట్లో మామ పై అద్దం తుడుచుకున్నాడు, తోపులాటలో ఒక చేత్తో కింది మూత లాగేశాడు, తల వంచాడు, పై కన్నులోంచి పెళ్ళి చూశాడు. పెళ్ళంతా తేటగా ఉంది. అన్ని రీళ్ళూ తీసేశాడు.

చీకటి గదిలోంచి మామ బయటికి వచ్చినప్పుడు ఎర్ర తువ్వాల ఆయన చేతిలోనే ఉంది. ఏ ఫోటో చూసినా పొగమంచు. పెళ్ళికూతురు మంచులోంచి వస్తున్నట్టు, మంగళసూత్రం మబ్బులో మెరుస్తున్నట్టు. పెట్టె తిప్పి కింది కన్ను చూశాడు. నన్ను చూశాడు. అత్తమ్మ నన్ను తన వెనక్కి లాక్కుంది. మామ గడప మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "ఇగ మన దుకాణం బందే" అన్నాడు.

ఆ ఫోటోలు ఇవ్వడానికి మామతో నేనూ పోయాను, తిట్లు పడితే నాకూ కొన్ని పడాలని. పెళ్ళికూతురు నాయనమ్మ ఒక ఫోటో తీసుకుని, దూరం పెట్టి చూసి, దగ్గర పెట్టి చూసి, కళ్ళకద్దుకుంది. "మా పోరి లచ్చిందేవి లెక్కనే ఉన్నది గదనే! మబ్బులకెల్లి దిగొచ్చినట్టు! ఏం తీసినవయ్య!" అంది. మామ అటు ఇటు చూసి, "పెండ్లిపిల్లలకు గట్లనే తియ్యాలమ్మా, అది వేరే పని" అన్నాడు. మరుసటి నెలలో మూడు పెళ్ళిళ్ళవాళ్ళు వచ్చి "ఆ మబ్బు ఫోటో" అడిగారు. మామ ఒక గాజుపలకకు కొబ్బరినూనె రాసి కింది కన్ను ముందు పెట్టేవాడు. ఆ గుట్టు మా ముగ్గురికే తెలుసు. నూనె రాసే పని నాదే. కుంకుమ తుడిచేశాడు కానీ, కింది కన్ను చుట్టూ చెక్కిన అక్షరాల సందుల్లో పసుపు మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది.

నాకు పెళ్ళై హఫీజ్‌పేట వచ్చాను, పిల్లాడు పుట్టాడు. కలర్ ల్యాబులు వచ్చాయి, రెండు కళ్ళ పెట్టెను అడిగేవాళ్ళు లేకపోయారు. ఒకరోజు మామ సంచితో మా ఇంటికి వచ్చి, పెట్టె తీసి నా ఒళ్ళో పెట్టాడు. "సంతల ఎనిమిది వందలంటున్నరు. నువ్వు ఐదు వందలియ్యి. ఊకె ఇస్తే పనిముట్టు చేతిల నిలువది. అప్పుడు నొక్కనియ్యకపోతి. ఇగ నువ్వే నొక్కు" అన్నాడు.

బియ్యం డబ్బాలో సరిగ్గా అంత డబ్బు ఉంది. మిక్సీ కోసం దాచింది. రోట్లో రుబ్బి రుబ్బి నా కుడి భుజం పడిపోయింది. ఇద్దరు మరుదులు, అత్త, మామగారు, అందరికీ రోజూ పచ్చడి ఉండాల్సిందే. పెట్టె ఒళ్ళో బరువుగా ఉంది, వెచ్చగా కూడా ఉంది, మామ చంకన పెట్టుకుని వచ్చాడు కదా. "దీంతోని అల్లం నూరుడైతదా మామా?" అన్నాను. నవ్వులాట లాగే అన్నాను, కానీ అదే నా జవాబు. మామ కూడా నవ్వాడు. మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. ఆ ఆదివారమే ఎర్రగడ్డ సంతలో అమ్మేశాడు. తర్వాత భోజనానికి వచ్చినప్పుడు నా మిక్సీ పచ్చడి తిని, "బాగనే తిప్పుతుందే నీ కెమెరా!" అన్నాడు. ఎప్పుడొచ్చినా అదే మాట. మిక్సీ నాలుగేళ్ళకు కాలిపోయింది. మామ ఇంకొన్నేళ్ళు ఉన్నాడు. పెట్టె ఎవరి చేతుల్లో పడిందో మా ఇద్దరికీ తెలియలేదు.

ఇదంతా చెప్పుకున్నాక ఒక ఆదివారం శ్రావణి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. నార్సింగిలో ఒకాయన అమ్మకానికి పెట్టాడట. అదే రకం రెండు కళ్ళ పెట్టె. బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. కింది కన్ను చుట్టూ, అక్షరాల సందుల్లో, పచ్చగా.

"అత్తయ్యా, పసుపేనా అండీ అది?"

నేను గరిటె కూడా కింద పెట్టలేదు. "నడువ్ బిడ్డా."

కొత్తగూడ దాటాం, గచ్చిబౌలి దాటాం. మామ సైకిలు మీద బర్రెల కోసం తిరిగిన దారులే ఇవి. అప్పుడు రాళ్ళ గుట్టలకు పేర్లుండేవి, ఇప్పుడు అపార్టుమెంట్లకున్నాయి. ఆ పేర్లు నాకు నోరు తిరగవు. నార్సింగిలో పందొమ్మిదో అంతస్తు. ఒకప్పుడు బర్రె చెవి పట్టుకుని నిలబడ్డ చోటు కిటికీలోంచి కనిపిస్తుందేమోనని చూశాను. మబ్బు తప్ప ఏమీ కనపడలేదు.

అమ్మే ఆయనకు యాభై ఉంటాయి, నెరిసిన గడ్డం, కరీంనగర్ మాట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పాత కెమెరాలు బాగుచేసి అమ్ముతాడట. పెట్టె నా చేతికిచ్చాడు. బరువు అదే. నేను కొంగుతో దాని మొహం తుడిచి, "ఇది మా మామది బాబూ. నేనే పెట్టిన పసుపు" అన్నాను.

ఆయన నన్ను చూసి, శ్రావణిని చూసి, మెల్లగా గాజు బీరువా తెరిచాడు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది వరంగల్ది, చూడమ్మా, మూలకు కుంకుమ. ఇది నల్లగొండది, మూత కింద పసుపు. గుంటూరుది, దీని వెనక గంధం గూడ ఉన్నది. మన దిక్కు స్టూడియోలల్ల కొన్న డబ్బాలన్నీ గిట్లనే. దసరకు పూజ చెయ్యనోడెవడు? కొనేటోళ్ళు బూజనుకుని పరేషాన్ అయితున్నరని పుల్లతోని గీకి అమ్ముత. ఇది ఇంక గీకలే."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఒక నిమిషం ఏడుపే వచ్చింది. తర్వాత ఆ బల్ల చూశాను. పది పన్నెండు పెట్టెలు. ఒక్కొక్కదాని మీద ఎవరో వేలు. వరంగల్‌లో ఎవరికో పూర్ణం మాడిపోతూ ఉండి ఉంటుంది, "నువ్వు పెట్టవే బొట్టు" అని ఉంటారు. నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నేళ్ళూ. నవ్వొచ్చింది. ఆగకుండా వచ్చింది. ఆయన మంచినీళ్ళు తెచ్చాడు.

"ఎంతకిస్తారండీ?" అడిగింది శ్రావణి. ముప్పై మూడు అన్నాడాయన. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "మీ మామయ్యగారిదో కాదో తెలీదు కదండీ. ఇంకో నెల చూద్దామా? తగ్గుతుందేమో. వాషింగ్ మెషిన్ కూడా మార్చాలి" అంది.

"అలలు తగ్గినంక తానం చేస్తనన్నడట ఎన్కటికొకడు" అన్నాను. "పాత మిషన్ మోగితే మోగనియ్. తిరుగుతుంది గద. బియ్యం డబ్బాల పైసలతోని నేను ఒక్కసారి లెక్క తప్పిన బిడ్డా. రెండోసారి తప్పను."

ఆయన పెట్టెకు గుడ్డ చుడుతూ, "పసుపు గీకి ఇయ్యాల్నా అమ్మా?" అన్నాడు.

"ముట్టకు" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

సాయంత్రం ఎండ పసుపు రంగుకు తిరిగినప్పుడు డాబా ఎక్కాం. శ్రావణి రీలు ముందే కొనిపెట్టుకుంది. ఎక్కించబోయి తడబడుతుంటే నా చేతులే ముందుకు పోయాయి. ఎన్నేళ్ళైనా వేళ్ళు మరిచిపోలేదు. "మొదటిది మీరే నొక్కండి అత్తయ్యా" అంది. తర్వాత జర సిగ్గుపడుతూ, "ఆ మబ్బు ఫోటో... నాకూ అలాగే తీస్తారా అండీ?" అంది.

కొబ్బరినూనె సీసా, గాజుపలక వెతకాల్సింది. నాకు కుంకుమ భరిణె కనపడింది. చిటికెన వేలికి నూనె, కుంకుమ అద్దుకుని కింది కన్ను మీద పెట్టబోతుంటే, శ్రావణి రెండు చేతులతో మొహం మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి చూస్తూ, "ముప్పై మూడు వేలండీ, ముప్పై మూడు వేలు" అని జపం చేసింది. పెట్టేశాను. సరిగ్గా నడిమిట్ల, గుండ్రంగా.

తల వంచి పైనుంచి చూశాను. బావి అడుగున శ్రావణి, చిన్నగా, వెలుగుతూ. ఆమె కుడికి జరిగితే లోపల ఎడమకు జరిగింది. హఫీజ్‌పేట స్టేషన్‌లోంచి రైలు కూత వేసింది. నా చేతులు వణుకుతున్నాయి. ఒకరి పెండ్లి వణుకుతది అన్న మాట గుర్తొచ్చింది. "ఊపిరి పట్టాలె బిడ్డా" అన్నాను, అని నేనూ పట్టాను. నేను పట్టగానే చేతులు ఆగాయి. ఆ మాట కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చెప్పేదనుకున్నాను ఇన్నాళ్ళూ. మామ తనకు తానే చెప్పుకునేవాడు. నొక్కాను. పెట్టె చిన్నగా, పెదవులు విడినంత చప్పుడు చేసింది.

కుంకుమ తుడిచేసి మిగతా పదకొండూ శ్రావణే తీసుకుంది. పది రోజుల తర్వాత ల్యాబు నుంచి ఆమెకు ఫోనొచ్చింది. స్పీకరులో పెట్టింది.

"మేడం, పదకొండు మంచిగొచ్చినయ్. మొదటిదాంట్ల అంత మబ్బు మబ్బున్నది. మీ లెన్సుకు బూజు పట్టినట్టుంది. జల్ది తుడిపియ్యిండ్రి, లేకుంటె కెమెరా రేటు పడిపోతది."

శ్రావణి నా వైపు చూసింది. నేను చట్నీకి మిక్సీ గిన్నె బిగిస్తున్నాను.

"పడనియ్ బిడ్డా" అన్నాను. "ఆ మొదటిదాన్ని జర పెద్ద సైజు చెయ్యమని చెప్పు."